తెలుగు కల్పనలో వీరకవచాలు, అతివేగ అంతరిక్షయానం

తెలుగు పురాణ కథలలోను, జానపద చిత్రాలలోను, ఆధునిక విజ్ఞాన కల్పనా చిత్రాలలోను కనిపించే అభేద్య కవచాలు, ఎగిరే వీరులు, అతివేగ వ్యోమనౌకలు, కాలయంత్రాలు భౌతికశాస్త్ర నియమాలకు ఎంతవరకు లోబడి ఉన్నాయో పరిశీలించడం ఈ వ్యాస విషయం. కవచం ధరించిన వీరునికి తగిలే దెబ్బ జడత్వానికి సంబంధించినది. ఎగరడం న్యూటన్ మూడవ సూత్రానికి, శక్తి నిత్యత్వానికి సంబంధించినది. నక్షత్రాల నడుమ ప్రయాణం ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతానికి సంబంధించినది. కల్పనలో ఈ నియమాలను పక్కన పెట్టవచ్చు. నిజమైన అంతరిక్షయానంలో అలా పక్కన పెట్టిన ప్రతిసారీ ప్రాణనష్టమో, ప్రాణాపాయమో సంభవించింది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ స్థాయి సూత్రాలతో చేయదగినవే.

నేపథ్యం

కవచం అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది మహాభారతంలోని కర్ణుని సహజ కవచకుండలాలు. వేగయానం అనగానే గుర్తుకు వచ్చేది రామాయణంలోని పుష్పక విమానం. విజయా వారి పాతాళభైరవి (1951) చిత్రంలో ఒక భవనమే ఆకాశమార్గాన తరలిపోతుంది. మాయాబజార్ (1957) చిత్రంలోని ప్రియదర్శిని పేటిక దూరాన ఉన్నవారిని కళ్ళెదుట చూపిస్తుంది. ఈ రెండు చిత్రాలకూ దర్శకుడు కె.వి.రెడ్డి.

పాశ్చాత్య చిత్రకథల అతిమానవుడు తెలుగు తెరపైకి వచ్చిన తొలి సందర్భాలలో వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి.రామారావు నటించిన సూపర్ మ్యాన్ (1980) ఒకటి. ఇందులో కథానాయకుడు హనుమంతుని అనుగ్రహంతో శక్తులు పొందుతాడు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో నందమూరి బాలకృష్ణ నటించిన ఆదిత్య 369 (1991) తెలుగులో కాలయంత్రాన్ని కథావస్తువుగా చేసిన ప్రసిద్ధ చిత్రం. సంకల్ప్ రెడ్డి దర్శకత్వం వహించిన అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్. 2018 డిసెంబరు 21న విడుదలైంది. కక్ష్య తప్పిన మిహిర అనే ఉపగ్రహం ఇందులో ప్రధాన సమస్య. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలోని హను-మాన్ (2024), నాగ్ అశ్విన్ దర్శకత్వంలోని కల్కి 2898 ఏ.డి. (2024) ఈ వరుసలో తరువాతివి. కల్కి చిత్రంలోని బుజ్జి అనే వాహనాన్ని సుమారు 6 టన్నుల బరువుతో నడిచే వాహనంగా కోయంబత్తూరులో నిజంగానే తయారుచేశారు.

వీరకవచం

జడత్వం

కవచం పగలకపోతే లోపలి మనిషి క్షేమంగా ఉంటాడన్నది కల్పనలో సర్వసాధారణమైన భావన. భౌతికశాస్త్రం దీనిని అంగీకరించదు. గాయానికి కారణం వేగం కాదు, వేగంలో వచ్చే ఆకస్మిక మార్పు, అనగా త్వరణం. మూత బిగించిన డబ్బాలో కోడిగుడ్డు పెట్టి మేడ మీద నుంచి జారవిడిస్తే డబ్బాకు సొట్ట కూడా పడకపోవచ్చు, గుడ్డు మాత్రం మిగలదు. కవచంలోని వీరుడు, అతని పుర్రెలోని మెదడు ఆ గుడ్డు వంటివే.

ఒక వీరుడు 100 మీటర్ల ఎత్తు నుండి నేలమీదికి దూకాడనుకుందాం. గాలి నిరోధాన్ని విస్మరిస్తే నేలను తాకేటప్పుడు అతని వేగం సెకనుకు సుమారు 44 మీటర్లు, అనగా గంటకు 160 కి.మీ. కవచం లోపలి మెత్త మందం 5 సెం.మీ. అయితే శరీరం ఆ 5 సెం.మీ. దూరంలోనే ఆగాలి. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే సగటు రుణత్వరణం గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. ఇక్కడ అది 2,000 రెట్లు. అమెరికా వైమానికదళ వైద్యుడు జాన్ స్టాప్ 1954 డిసెంబరు 10న రాకెట్ బండిపై తనమీదనే జరుపుకున్న ప్రయోగంలో 46 రెట్ల రుణత్వరణాన్ని తట్టుకొని బ్రతికాడు. అప్పుడు అతని కళ్ళలోని రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది. అటువంటి 50 రెట్లకు లోపల ఉండాలంటే పై వీరునికి ఆగడానికి కనీసం 2 మీటర్ల దూరం కావాలి. అంత మందమైన కవచం ధరించడం అసాధ్యం.

మోటారు వాహనాలలో గాలిసంచులు, ముందుభాగం నలిగిపోయేటట్లు చేసే నిర్మాణం, ద్విచక్ర వాహనదారుల శిరస్త్రాణంలోని నలిగే నురుగు పొర ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. ఇవన్నీ ఆగే దూరాన్ని పెంచుతాయి. నలిగిపోవడమే వాటి పని. గట్టిదనమే రక్షణ అని సినిమా చెబుతుంది. నిజజీవితంలో సరియైన చోట నలగడమే రక్షణ. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన శిరస్త్రాణం పైకి బాగానే కనిపించినా మార్చవలసి ఉంటుంది. లోపలి నురుగు ఒకసారి నలిగితే మరల ఉబ్బదు.

శక్తి మూలం

హను-మాన్ చిత్రంలో కథానాయకునికి ఒక మణి సూర్యకాంతిలో అమితమైన బలాన్ని ప్రసాదిస్తుంది. కల్పనలో శక్తికి ఒక మూలాన్ని చూపడం శాస్త్రదృష్టితో మెచ్చదగిన విషయం. అయితే ఆ మూలం పరిమాణం ఎంత అన్నది ప్రశ్న.

నడి మధ్యాహ్నం నిర్మలాకాశంలో భూమిపై చదరపు మీటరుకు చేరే సౌరశక్తి సుమారు 1,000 వాట్లు. మణి వైశాల్యం 10 చదరపు సెం.మీ. అనుకుంటే దానిపై పడేది 1 వాట్ మాత్రమే. ఒక టన్ను బండను 2 మీటర్ల ఎత్తుకు లేపడానికి 19,600 జౌళ్ళ శక్తి కావాలి. మణి తనపై పడిన కాంతిని ఏమాత్రం వృథా చేయకుండా దాచుకున్నా అంత శక్తి సమకూరడానికి సుమారు ఐదున్నర గంటలు పడుతుంది. అనగా ఉదయం నుండి ఎండలో ఉంచిన మణితో మధ్యాహ్నానికి ఒక్కసారి బండను ఎత్తవచ్చును. ఆ తరువాత మరల ఎదురుచూడాలి. ఇది కథకు లోపం కాదు. ఆ మణి దైవికమైనదని కథయే చెబుతున్నది. కానీ శక్తి నిత్యత్వ నియమాన్ని బోధించడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ అరుదు.

ఎగరడం

ఆకాశంలో నిలబడాలంటే తన బరువుకు సమానమైన బలంతో దేనినో ఒకదానిని కిందికి నెట్టాలి. పక్షి, హెలికాప్టరు గాలిని నెడతాయి. రాకెట్టు తాను మోసుకుపోయే వాయువులను నెడుతుంది. దుప్పటి ధరించి చేతులు చాచి ఎగిరే వీరుడు దేనినీ నెట్టడు. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం అతడు నేలమీదనే ఉండాలి.

యంత్రకవచం ధరించిన వీరుని విషయం వేరు. 70 కిలోల మనిషి, 100 కిలోల కవచం కలిపి 170 కిలోలు. ఇది సరిగ్గా మన దేశంలో ఒక పత్తి బేలు బరువు. దానిని గాలిలో నిలపడానికి సుమారు 1,700 న్యూటన్ల బలం కావాలి. కాళ్ళ నుండి, చేతుల నుండి వాయువులు సెకనుకు 500 మీటర్ల వేగంతో వెలువడితే, ఆ ప్రవాహానికి అందించవలసిన సామర్థ్యం 425 కిలోవాట్లు, అనగా 570 అశ్వశక్తికి సమానం. పది నిమిషాలు ఎగరడానికి 25.5 కోట్ల జౌళ్ళు కావాలి. కిలోకు 9 లక్షల జౌళ్ళు నిల్వచేసే లిథియం-అయాన్ బ్యాటరీలయితే 280 కిలోలకు పైగా మోయవలసి ఉంటుంది. ఆ బ్యాటరీలను ఎత్తడానికి మరికొంత శక్తి, ఆ శక్తికి మరికొన్ని బ్యాటరీలు కావాలి.

వాయువు వేగం తగ్గిస్తే ఖర్చయ్యే సామర్థ్యం తగ్గుతుంది. కానీ అప్పుడు ఎక్కువ గాలిని నెట్టవలసి ఉండుటచేత ఎక్కువ వైశాల్యం కావాలి. హెలికాప్టరు రెక్కలు అంత పొడవుగా ఉండటానికి ఇదే కారణం. అరచేతిలో ఇమిడే యంత్రానికి ఆ సౌలభ్యం లేదు. బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ బ్రౌనింగ్ రూపొందించిన జెట్ దుస్తులలో చిన్న టర్బైన్లు ద్రవ ఇంధనంతో పనిచేస్తాయి. 2019లో అతడు వాటితో గంటకు సుమారు 136 కి.మీ. వేగాన్ని సాధించాడు. కానీ అటువంటి దుస్తులతో ఎగరగలిగేది కొన్ని నిమిషాలు మాత్రమే.

గాలి వేడి

వాతావరణంలో అతివేగంగా దూసుకుపోయే వస్తువు ముందున్న గాలి నొక్కుకొని వేడెక్కుతుంది. ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోయే వస్తువు ముందు భాగంలో గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కక్ష్య నుండి తిరిగివచ్చే వ్యోమనౌకల విషయంలో ఇది వేల డిగ్రీలకు చేరుతుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక తిరిగివస్తుండగా, ప్రయోగ సమయంలో ఎడమ రెక్క అంచుకు తగిలిన దెబ్బ వలన ఏర్పడిన రంధ్రం గుండా ఈ వేడి వాయువు లోపలికి చొరబడింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. సినిమాలలో వీరుని జుట్టు కూడా చెదరని చోట నిజమైన నౌక ఒక చిన్న రంధ్రం వలన నశించింది.

నిజమైన అంతరిక్ష దుస్తులు

అంతరిక్ష దుస్తుల పని శత్రువు దెబ్బను ఆపడం కాదు. శూన్యంలో శరీరం చుట్టూ కొద్దిపాటి వాతావరణాన్ని నిలిపి ఉంచడం. ప్రాణవాయువును అందించడం, బొగ్గుపులుసు వాయువును తొలగించడం, శరీరపు వేడిని బయటికి పంపడం, సూక్ష్మ ఉల్కల నుండి కాపాడటం దీని ఇతర విధులు.

పీడనం సమస్య

అమెరికా వ్యోమగాములు నౌక వెలుపల ధరించే దుస్తులలో పీడనం సుమారు 30 కిలోపాస్కల్‌లు, అనగా భూమిపై వాతావరణ పీడనంలో మూడో వంతు కన్నా తక్కువ. అయినా శూన్యంలో ఇది చదరపు సెంటీమీటరుకు 300 గ్రాముల బరువుతో దుస్తులను లోపలి నుండి ఉబ్బిస్తుంది. అరచేయి అంత భాగం మీద సుమారు 30 కిలోల బరువు పడినట్లు. గాలి నింపిన ట్యూబును వంచడం ఎంత కష్టమో, పిడికిలి బిగించడం అంత కష్టం. సినిమాలో వీరుడు శూన్యంలో సులువుగా ముష్టియుద్ధం చేస్తాడు. వ్యోమగామికి ఒక మర బిగించడం కూడా శ్రమతో కూడిన పని.

1965 మార్చి 18న ప్రపంచంలో తొలిసారి నౌక వెలుపలికి వచ్చిన అలెక్సీ లియోనోవ్ దుస్తులు శూన్యంలో ఉబ్బిపోయాయి. తిరిగి లోపలికి ప్రవేశించలేక, ప్రమాదమని తెలిసి కూడా అతడు దుస్తులలోని పీడనాన్ని తగ్గించుకొని బయటపడ్డాడు. పీడనం తక్కువగా ఉండే దుస్తులలోకి నేరుగా మారితే రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా వెలువడుతుంది. అందుచేత వెలుపలికి వెళ్ళేముందు వ్యోమగాములు కొంతకాలం స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పీలుస్తారు. క్షణంలో ఒంటిమీదికి వచ్చే కవచం కల్పనలోనే సాధ్యం.

సోయజ్-11 దుర్ఘటన

1971 జూన్ 30న సోయజ్-11 నౌక భూమికి తిరిగివస్తుండగా ఒక గాలి కవాటం తెరుచుకొని లోపలి గాలి అంతా బయటికి పోయింది. దొబ్రోవోల్‌స్కీ, వోల్కొవ్, పత్సాయెవ్ అనే ముగ్గురు వ్యోమగాములు మరణించారు. ఇరుకైన నౌకలో ముగ్గురికి చోటు కల్పించడానికి వారికి పీడన దుస్తులు ఇవ్వలేదు. తరువాత 1973లో సోయజ్-12 నుండి ప్రయోగ, పునఃప్రవేశ సమయాలలో సొకోల్ అనే పీడన దుస్తులు ధరించడం తప్పనిసరి అయింది. ఆ దుస్తులకు చోటు కావలసి రావడంతో కొన్నేళ్ళపాటు నౌకకు ఇద్దరినే పంపారు. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయజ్ టి-11లో ప్రయాణించినప్పుడు ధరించినవి ఈ సొకోల్ దుస్తులే.

హైదరాబాదు మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజాచారి 2022 మార్చి 23న మథియాస్ మౌరర్‌తో కలిసి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేశాడు. తిరిగి వచ్చిన తరువాత మౌరర్ శిరస్త్రాణంలో నీరు చేరినట్లు కనిపించింది. 2013 జూలై 16న లూకా పర్మిటానో అనే వ్యోమగామి శిరస్త్రాణంలో లీటరుకు పైగా నీరు చేరి అతడు ఊపిరాడని స్థితికి వచ్చాడు. శరీరాన్ని చల్లబరచడానికి దుస్తులలో సుమారు 90 మీటర్ల సన్నని గొట్టాలలో నీరు ప్రవహిస్తూ ఉంటుంది. శూన్యంలో కారిన నీరు కిందికి జారిపోదు, ముఖానికి అంటుకొని ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో జన్మించిన శిరీష బండ్ల 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ-22 యానంలో సుమారు 86 కి.మీ. ఎత్తుకు వెళ్ళివచ్చింది. ఇది కక్ష్యలోకి పోని యానం. ఇందులోని వారు పీడన దుస్తులు ధరించలేదు. వారి రక్షణ అంతా నౌక గోడల మీదనే ఆధారపడింది.

అతివేగ ప్రయాణం

గంటకు 9,000 కి.మీ. – కక్ష్యావేగం

అంతరిక్షం చిత్రం పేరులోని గంటకు 9,000 కి.మీ. అనే సంఖ్యను కక్ష్యావేగంగా తీసుకొని పరిశీలిస్తే కొన్ని విషయాలు బోధపడతాయి. ఈ వేగం సెకనుకు 2.5 కి.మీ. భూమి నుండి 400 కి.మీ. ఎత్తులో వృత్తాకార కక్ష్యలో తిరగడానికి సెకనుకు 7.7 కి.మీ. (గంటకు సుమారు 27,600 కి.మీ.) వేగం అవసరం. ఆ ఎత్తులో సెకనుకు 2.5 కి.మీ. వేగంతో పోయే నౌక కక్ష్యలో నిలవదు, భూమిపై పడిపోతుంది. కక్ష్య పెద్దదయిన కొద్దీ అవసరమైన వేగం తగ్గుతుంది. 35,786 కి.మీ. ఎత్తులోని భూస్థిర కక్ష్యలో అది సెకనుకు 3.07 కి.మీ. సెకనుకు 2.5 కి.మీ. వేగం సరిపోవాలంటే నౌక భూమి ఉపరితలం నుండి సుమారు 57,400 కి.మీ. ఎత్తులో, భూస్థిర ఉపగ్రహాలకన్నా పైన ఉండాలి. కాబట్టి అంతరిక్షంలో వేగం ఎంత అని అడిగినప్పుడు ఎక్కడ, దేనితో పోల్చి అన్న ప్రశ్నలు కూడా వేయవలసి ఉంటుంది.

కక్ష్యలో వ్యోమగాములు తేలడానికి కారణం గురుత్వాకర్షణ లేకపోవడం అనేది ఒక సాధారణ అపోహ. 400 కి.మీ. ఎత్తులో గురుత్వ త్వరణం నేలమీది విలువలో 88 శాతం ఉంటుంది. నౌక, అందులోని మనుషులు కలిసి ఒకే త్వరణంతో నిరంతరం భూమివైపు పడుతూ ఉండుటచేత బరువు తెలియదు. పక్కకు పోయే వేగం తగినంత ఉండుటచేత భూమిని తాకరు.

రాకెట్టు సమీకరణం

రష్యా బడిపంతులు కాన్‌స్తాంతిన్ త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన సమీకరణం ప్రకారం, రాకెట్టు సాధించదలచిన వేగం సమాంతర శ్రేణిలో పెరిగితే కావలసిన ఇంధనం గుణశ్రేణిలో పెరుగుతుంది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఎల్.వి.ఎం.-3 వాహనం బరువు సుమారు 640 టన్నులు. అది మోసిన చంద్రయాన్-3 బరువు 3.9 టన్నులు. అనగా మొత్తంలో ఒక శాతం కూడా లేదు. చంద్రయాన్-3 చంద్రునిపై దిగింది ఆగస్టు 23న, అనగా 40 రోజుల తరువాత. ఇంధనం ఆదా చేయడానికే అది కక్ష్యను క్రమంగా పెంచుకుంటూ పోయింది. అపోలో-11 మరింత శక్తిమంతమైన రాకెట్టుతో నాలుగు రోజులలో చేరింది.

హైడ్రోజన్-ఆక్సిజన్ ఇంధనపు వాయువులు సెకనుకు 4.5 కి.మీ. వేగంతో వెలువడతాయి. ఆ ఇంధనంతో కాంతివేగంలో పదవ వంతును అందుకోవాలంటే, ఒక కిలో నౌకకు కావలసిన ఇంధనం ఎన్ని కిలోలో తెలిపే సంఖ్యలో దాదాపు 2,900 అంకెలు ఉంటాయి. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్యను రాయడానికి 80 అంకెలు చాలు. కాబట్టి రసాయన ఇంధనంతో నక్షత్రయానం కష్టమైనది కాదు, అసాధ్యమైనది.

దర్శి నుండి ఒంగోలు – వేగాల పోలిక

ప్రకాశం జిల్లా దర్శి నుండి ఒంగోలుకు సరళరేఖలో దూరం సుమారు 50 కి.మీ. వివిధ వేగాలతో ఈ దూరానికి పట్టే కాలం కింది విధంగా ఉంటుంది.

గంటకు 50 కి.మీ. పోయే బస్సు: 1 గంట
గాలిలో ధ్వని (సెకనుకు 340 మీ.): 2 నిమిషాల 27 సెకన్లు
గంటకు 9,000 కి.మీ.: 20 సెకన్లు
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (సెకనుకు 7.7 కి.మీ.): 6.5 సెకన్లు
వాయేజర్-1 (సెకనుకు 17 కి.మీ.): 2.9 సెకన్లు
పార్కర్ సౌరశోధక నౌక, 2024 డిసెంబరు 24న (సెకనుకు 192 కి.మీ.): సెకనులో నాలుగో వంతు
కాంతి (సెకనుకు 2,99,792 కి.మీ.): సెకనులో 6,000వ వంతు

మానవుడు నిర్మించిన వస్తువులలో అత్యధిక వేగం పొందిన పార్కర్ నౌక కూడా కాంతివేగంలో వెయ్యోవంతును చేరలేదు. సూర్యుని తరువాత మనకు అతి సమీపంలో ఉన్న ప్రాక్సిమా సెంటారి నక్షత్రం 4.24 కాంతిసంవత్సరాల దూరంలో ఉన్నది. వాయేజర్-1 వేగంతో అంత దూరం పోవడానికి సుమారు 75,000 సంవత్సరాలు పడుతుంది.

ఎండుమిరపకాయ దెబ్బ

అతివేగంలో చిన్న వస్తువు కూడా ప్రమాదకరం. గతిశక్తి వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉండటం ఇందుకు కారణం. ఒక గ్రాము బరువుండే ఎండుమిరపకాయ కక్ష్యావేగంతో తగిలితే సుమారు 30,000 జౌళ్ళ శక్తిని విడుదల చేస్తుంది. ఇది తుపాకి గుండు శక్తికి అనేక రెట్లు. అదే మిరపకాయ కాంతివేగంలో పదవ వంతు వేగంతో పోయే నౌకకు అడ్డు వస్తే వెలువడే శక్తి 45,000 కోట్ల జౌళ్ళు. ఇది 100 టన్నులకు పైగా టి.ఎన్.టి. పేలుడు పదార్థానికి సమానం. 1983లో ఛాలెంజర్ వ్యోమనౌక కిటికీ అద్దానికి మిల్లీమీటరు కూడా లేని రంగు పెచ్చు తగిలి గుంట పడింది. పాత ఉపగ్రహాల శకలాలు కక్ష్యలో పేరుకుపోవడం నేడు అన్ని దేశాల అంతరిక్ష సంస్థలనూ కలవరపెడుతున్న సమస్య. అంతరిక్షం చిత్రకథకు ఆధారమైన భయం, అనగా అదుపు తప్పిన ఒక ఉపగ్రహం ఇతర ఉపగ్రహాలను ఢీకొంటుందన్న భయం, ఈ విధంగా వాస్తవమైనదే.

కాలవ్యాకోచం, కాలప్రయాణం

ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం ప్రకారం వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడిచినట్లు నిశ్చల పరిశీలకునికి కనిపిస్తుంది. దీనినే కాలవ్యాకోచం అంటారు. వాతావరణం పైపొరలలో పుట్టే మ్యువాన్ కణాల సగటు ఆయుర్దాయం సెకనులో పదిలక్షవ వంతుకు 2.2 రెట్లు. కాంతివేగంతో పోయినా అవి 660 మీటర్లకు మించి సాగకూడదు. కానీ కాలవ్యాకోచం వలన అనేక కిలోమీటర్లు ప్రయాణించి నేలను చేరుతున్నాయి. జి.పి.ఎస్. ఉపగ్రహాల గడియారాలు వేగం, గురుత్వం అనే రెండు కారణాలవలన భూమిపై గడియారాలతో పోలిస్తే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దీనిని సరిచేయకపోతే రోజుకు సుమారు 10 కి.మీ. చొప్పున స్థాన నిర్ణయంలో తప్పు పెరుగుతుంది.

నౌక నిరంతరం భూమి గురుత్వ త్వరణంతో సగం దూరం వేగం పెంచుకొని, మిగిలిన సగం తగ్గించుకుంటే ప్రాక్సిమాను చేరడానికి భూమిపై 5.9 సంవత్సరాలు, నౌకలోనివారికి 3.5 సంవత్సరాలు గడుస్తాయి. మార్గమధ్యంలో వేగం కాంతివేగంలో 95 శాతానికి చేరుతుంది. ప్రయాణికులు తమ మామూలు బరువుతోనే ఉంటారు కనుక జడత్వం వారికి అపాయం కాదు. అంత ఇంధనం ఎక్కడిది అన్నదే అడ్డంకి.

ఆదిత్య 369

ఈ చిత్రంలోని పాత్రలు కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల కాలానికి (1526), తరువాత 2504వ సంవత్సరానికి ప్రయాణిస్తారు. ఈ రెండు ప్రయాణాలు భౌతికశాస్త్రం దృష్టిలో సమానమైనవి కావు. భవిష్యత్తులోకి పోవడానికి కాలవ్యాకోచం సూత్రరీత్యా అనుమతిస్తుంది. 1991 నుండి 2504 వరకు 513 సంవత్సరాలు. ప్రయాణికునికి ఒక్క సంవత్సరమే గడవాలంటే అతడు కాంతివేగంలో 99.9998 శాతం వేగంతో పోయి తిరిగిరావాలి. అనగా కాంతికన్నా సెకనుకు సుమారు 570 మీటర్లు మాత్రమే వెనుకబడి ఉండాలి. గతంలోకి పోవడానికి మాత్రం నిర్ధారితమైన మార్గమేదీ లేదు. గతాన్ని మారిస్తే కార్యకారణ సంబంధం దెబ్బతింటుంది. తన పుట్టుకకు కారణమైన సంఘటననే చెరిపివేసినవాడు అసలు బయలుదేరగలడా అన్నది ప్రసిద్ధమైన విరోధాభాస.

కాలయంత్రాలకు మరొక చిక్కు కూడా కలదు. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కి.మీ. వేగంతో తిరుగుతున్నది. కాలంలో మాత్రమే కదిలే యంత్రం, ఆ కాలానికి భూమి ఉన్న చోటును కూడా వెతుక్కోవలసి ఉంటుంది.

రైవతుని కథ

పోతన భాగవతం నవమ స్కంధంలో రైవతుడు (కకుద్మి) అనే రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళిన కథ కలదు. అక్కడ గానం జరుగుతుండగా కొంతసేపు వేచి ఉంటాడు. ఆ కాస్తలోనే భూమిపై 27 మహాయుగాలు గడిచాయని బ్రహ్మ చెబుతాడు. తిరిగి వచ్చిన తరువాత రేవతిని బలరామునికిచ్చి వివాహం చేస్తాడు.

పురాణ గణనలో మహాయుగం 43,20,000 సంవత్సరాలు, బ్రహ్మకు ఒక పగలు 1,000 మహాయుగాలు. బ్రహ్మ పగటిని 12 గంటలుగా తీసుకుంటే 27 మహాయుగాలు అక్కడ 19 నిమిషాలకు పైచిలుకు. ఒక గానం వినడానికి పట్టే కాలంతో ఇది చక్కగా సరిపోతున్నది. ఈ నిష్పత్తిని వేగం వలన కలిగే కాలవ్యాకోచంగా భావిస్తే కాలం 3 లక్షల కోట్ల రెట్లకు మించి వ్యాకోచించాలి. అంత వేగాన్ని ఒక కిలో ద్రవ్యరాశికి కల్పించడానికే సూర్యుడు అన్ని దిశలకు 12 నిమిషాలలో వెదజల్లే మొత్తం శక్తి కావలసి ఉంటుంది.

పురాణాలు, విజ్ఞానశాస్త్రం

రైవతుని కథలో సాపేక్ష సిద్ధాంతం ఉన్నదని కొందరు వాదిస్తారు. కథలో వేగానికి, కాలానికి సంబంధమేదీ చెప్పబడలేదు. లోకాన్ని బట్టి కాలమానం మారుతుందని మాత్రమే ఉన్నది. కాలం అందరికీ ఒకేలా గడవకపోవచ్చునన్న ఊహ గొప్పది. ఊహకు, కొలిచి పరీక్షించదగిన సిద్ధాంతానికి భేదం కలదు.

ఇటువంటి వాదాన్ని శాస్త్రీయంగా పరీక్షించిన సందర్భం ఒకటి ఉన్నది. భరద్వాజ మహర్షి రచనగా ప్రచారంలో ఉన్న వైమానిక శాస్త్రం అనే గ్రంథాన్ని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన హెచ్.ఎస్.ముకుంద, తదితర శాస్త్రవేత్తలు పరిశీలించి 1974లో తమ నిర్ణయాలను ప్రకటించారు. ఆ గ్రంథం ప్రాచీనం కాదని, 20వ శతాబ్ది ప్రారంభంలో పండిత సుబ్బరాయశాస్త్రి చెప్పగా రాయబడినదని, అందులోని శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాలు ఎగిరే లక్షణం లేనివని వారు తేల్చారు. ఈ నిర్ణయం వలన రామాయణంలోని పుష్పకానికి వచ్చిన లోటేమీ లేదు. కావ్యవస్తువుగా దాని విలువ ఎగిరే యంత్రంగా నిరూపణ కావడంపై ఆధారపడి లేదు.

బోధనలో ఉపయోగం

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ చిత్రకథల వీరుల ఆధారంగా భౌతికశాస్త్రాన్ని బోధించి, 2005లో ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్ హీరోస్ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. కథలోని ఒక్క అసాధ్యాన్ని అంగీకరించి, ఆపైన జరిగేదంతా నియమాల ప్రకారం లెక్కించడం ఈ పద్ధతి. తెలుగు చిత్రాలకు, పురాణ కథలకు కూడా ఇది వర్తిస్తుంది. సినిమాలో తప్పులు పట్టడం దీని ఉద్దేశం కాదు. చూసిన దానిని కొలిచి ప్రశ్నించే అలవాటు నేర్పడం ముఖ్యం. కవచం గట్టిదా అని కాక, లోపలివాడు ఎంత దూరంలో ఆగాడు అని అడగగలిగిన విద్యార్థికి శిరస్త్రాణం ఎందుకు ధరించాలో మరొకరు చెప్పనక్కరలేదు.

ఇవి కూడా చూడండి

ఆదిత్య 369
అంతరిక్షం (సినిమా)
రాకేశ్ శర్మ
శిరీష బండ్ల
శ్రీహరికోట
చంద్రయాన్-3
సాపేక్ష సిద్ధాంతం
పుష్పక విమానం